అజ్ఞాత అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం.

ప్రపంచాన్ని తెరవెనుక నుంచి నడిపిస్తున్న రహస్య సంఘం అధ్యక్షులవారికి నమస్కారములు.

అయ్యా, యుద్ధాలు, ఆర్థిక మాంద్యాలు, ఎన్నికల ఫలితాలు, ఆఖరికి ఉల్లిపాయల ధర కూడా తమరి కనుసన్నల్లోనే నడుస్తున్నాయని నవలలూ సినిమాలూ కుటుంబ వాట్సాప్ గ్రూపులూ చాలాకాలంగా ఘోషిస్తున్నాయి. తమరు ఉన్నారా లేరా అన్న వాదంలోకి నేను దిగదలచుకోలేదు, ఉన్నారనే అనుకుందాం. నా సందేహమల్లా పరిపాలనకు సంబంధించినది. ఇంత పెద్ద సంఘాన్ని ఇన్నాళ్ళపాటు ఎవరి కంటా పడకుండా ఎలా నెట్టుకొస్తున్నారు? మా అపార్ట్‌మెంటు సంఘం కార్యవర్గంలో ఉన్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మెయింటెనెన్సు పెంచాలని వాళ్ళు తలుపులు వేసుకుని తీర్మానం చేసుకుంటే, లిఫ్టు దిగేలోగా ఆ సంగతి వాచ్‌మన్‌కు, అతని నోటి నుంచి ఇస్త్రీ బండి అతనికి చేరిపోతుంది.

కథల్లో తమరి స్థావరం సాధారణంగా కొండ కడుపులో ఉంటుంది. గోడ గిర్రున తిరుగుతుంది, ఎర్రదీపాలు వెలిగి ఆరుతుంటాయి, ఒకే రకం దుస్తులు తొడుక్కున్న వందలమంది తుపాకులు పట్టుకుని పనీపాటా లేకుండా అటూ ఇటూ నడుస్తుంటారు. ఆ కొండను తొలిచిన కూలీలు ఏ ఊరివాళ్ళు, సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళు పెళ్ళాం బిడ్డలతో ఏమని చెప్పుకున్నారు, అన్ని జతల దుస్తులు కుట్టిన దర్జీ కొలతలు ఎవరి పేరు మీద రాసుకున్నాడు, అంతమంది టిఫినుకు ఇడ్లీ పిండి ఎక్కడ రుబ్బించారు అన్న ప్రశ్నలు రచయితలకు ఎందుకో తట్టవు. వాళ్ళు సంఘం బలాన్ని నాయకుడి మేధస్సుతో కొలుస్తారు. విశాఖవాళ్ళం సరుకుల చీటీతో కొలుస్తాం. మాకు ఈ అలవాటు ఊరికే రాలేదు.

1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ల వైపు పంపి దాచారు. అది విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించే బాధ్యత తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారిది. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరు చేత విక్రాంత్ వేషం వేయించి, జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతూ విక్రాంత్ నావికుడొకడు పంపినట్టు ఒక తంతిని, సంకేతలిపి లేకుండా, ఎవరు విన్నా అర్థమయ్యేలా వదిలారు. వీటన్నిటికంటే నాకు నచ్చిన ఎత్తు మరొకటి ఉంది. విమానవాహక నౌక రేవులో ఉంటే ఎంత కావాలో అంత మాంసం, అన్ని కూరగాయలు ఇక్కడి కాంట్రాక్టర్లకు పురమాయించారు. ఇంత సరుకు ఎవరికని ఒకరు అడుగుతారనీ, ఇంకొకరు పెద్ద ఓడ వచ్చిందని గుసగుసగా చెబుతారనీ, ఆ గుసగుస చేరవలసిన చెవికి చేరుతుందనీ ఆయన లెక్క. ఘాజీ విశాఖ తీరానికే వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఇక్కడే మునిగి, నేటికీ ఇక్కడి సముద్రగర్భంలోనే ఉంది. లేని ఓడను ఉందనిపించడానికి సరుకుల చీటీని వాడుకున్న ఊరికి, ఉన్న సంఘం లేదని తమరు ఎన్నాళ్ళు నచ్చచెప్పగలరు?

తమరి పూర్వీకుల చరిత్ర కూడా అంత ధైర్యం చెప్పేదిగా లేదు. తమరి వంశానికి మూలపురుషులుగా అందరూ చెప్పుకునే ఇల్యూమినాటి సంఘాన్ని జర్మన్ ప్రాంతమైన బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌లో ఆడం వైస్‌హాప్ట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1776 మే 1న స్థాపించాడు. తనకు స్పార్టకస్ అనీ, మ్యూనిక్ నగరానికి ఏథెన్స్ అనీ మారుపేర్లు పెట్టుకున్నాడు. పదేళ్ళు తిరక్కుండానే ప్రభుత్వం సంఘాన్ని నిషేధించింది. 1786లో ఒక సభ్యుడి ఇల్లు సోదా చేసి కాగితాలు పట్టుకుంది. మరుసటి ఏడాది వాటిని తానే అచ్చు వేయించింది. అజ్ఞాతంగా ఉండదలచిన సంఘానికి సర్కారు ఖర్చుతో గ్రంథప్రచురణ జరగడం అందరికీ దక్కే భాగ్యం కాదు.

ఇటలీలో ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘానికి చెందిన పీ2 అనే శాఖ అంతకంటే మేలైనదేమీ కాదు. 1981 మార్చిలో వేరే కేసు గురించి ఆరా తీస్తూ దాని అధిపతి లిచో జెల్లి స్థలాలను సోదా చేసిన అధికారులకు 962 పేర్లున్న జాబితా దొరికింది. అందులో మంత్రులున్నారు, సైన్యాధికారులున్నారు, పత్రికలవాళ్ళున్నారు. మే నెల ముగిసేలోగా ప్రధాని ఫోర్లానీ రాజీనామా చేయవలసి వచ్చింది. అంతమంది పెద్దలను గుప్పిట్లో పెట్టుకున్న మనిషికి ఒక్క జాబితాను దాచడం చేతకాలేదు. జాబితా అసలెందుకు రాసుకున్నాడని అడగకండి. చందా ఎవరు కట్టారో, ఎవరు బాకీయో తెలియకుండా ఏ సంఘమూ నడవదు. పైగా నలుగురికీ తెలియని గొప్పతనాన్ని మనిషి ఎంతోకాలం భరించలేడు. అందుకే కథల్లో తమరి సభ్యులందరూ ఒకే ముద్ర ఉన్న ఉంగరం పెట్టుకుని విందులకు వెళుతుంటారు. ఉంగరాల సంగతి విశాఖదత్తుడు (పేరు చూసి మా ఊరివాడనుకోకండి) ఏనాడో ముద్రారాక్షసమనే సంస్కృత నాటకం కట్టి చూపించాడు. నందుల మంత్రి, రాక్షసుడనే పేరుగలవాడు, అతని ముద్రికను భార్య వేలి నుంచి జారవిడిస్తే, అది చాణక్యుడి గూఢచారికి దొరికింది; ఆ ముద్ర వేసిన ఒక్క దొంగ ఉత్తరంతో చాణక్యుడు శత్రుకూటమిని ముక్కలు చేశాడు.

అయితే రహస్యం ఎప్పుడూ నిలవదని నేను వాదించడం లేదు. 1971 మార్చి 8 రాత్రి, అమెరికాలోని పెన్సిల్వేనియాలో మీడియా అనే చిన్న ఊళ్ళో, ఆ దేశపు కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కార్యాలయంలోకి ఎనిమిదిమంది మామూలు మనుషులు చొరబడి, ఫైళ్ళన్నీ పట్టుకుపోయి, పత్రికలకు పంపించారు. ఎఫ్‌బీఐ ఎంత గాలించినా వాళ్ళు దొరకలేదు. 2014లో వాళ్ళలో కొందరు తమంతట తామే చెప్పేదాకా లోకానికి తెలియలేదు. పని పూర్తయ్యాక ఇక కలుసుకోకూడదని ఒప్పుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోవడం అందుకు పెద్ద కారణం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లోని బ్లెచ్‌లీ పార్కులో వేలమంది కలిసి జర్మన్ల సంకేతలిపిని ఛేదించి, 1970ల దాకా నోరు మెదపలేదు. కానీ అక్కడ యుద్ధం ఉంది, చట్టం ఉంది, పక్కగదిలో ఏం జరుగుతోందో తెలియనివ్వని కట్టుదిట్టం ఉంది. మా ఊళ్ళో అణు జలాంతర్గామి కట్టినప్పుడూ జరిగింది ఇదే. 2009 జులై 26న అరిహంత్ నీళ్ళలోకి దిగడానికి చాలా ముందే, ఏటీవీ అనే పేరుతో ఏదో కడుతున్నారని అందరికీ తెలుసు. లోపల ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. దాచవలసింది లోపలి సరుకును. తమరేమో కొట్టునే లేదనిపించాలని చూస్తున్నారు.

2016లో డేవిడ్ రాబర్ట్ గ్రైమ్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు దీనికి ఒక లెక్క కట్టాడు. అమెరికావాళ్ళు చంద్రుడి మీద దిగడం బూటకమైతే దాన్ని కాపాడవలసిన 4,11,000 మందిలో ఎవరో ఒకరు నాలుగేళ్ళలోపే బయటపెట్టేవారట. నూరేళ్ళు నిలవాలంటే కుట్రలో 125 మందికి మించకూడదట. బయటపడ్డ కుట్రలను చూసి కట్టిన లెక్క కాబట్టి బయటపడనివాటి గురించి అది ఏం చెబుతుందని తమరు ఎదురు ప్రశ్న వేయవచ్చు. ప్రశ్న సబబైనదే, కాదనను. కానీ తమరి చిక్కు అంకెలతో తీరదు. ఆ ఎనిమిదిమంది ఒక రాత్రి పనిచేసి చెదిరిపోయారు. తమరు ప్రతిరోజూ ప్రపంచాన్ని ఏలాలి. ఏలుబడికి ఆఫీసు కావాలి, ఆఫీసుకు గుమాస్తాలు కావాలి, గుమాస్తాలకు ఇంక్రిమెంట్లు, సెలవులు, వాళ్ళలో వాళ్ళకు కక్షలు తప్పవు. పదోన్నతి రాని ఒక్క గుమాస్తా చాలు.

కాబట్టి తమరిని మూడు వివరాలు కోరుతున్నాను. స్థావరం కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది? రిటైరైన హంతకులకు పింఛను ఏ పద్దులో రాస్తున్నారు? వంటమనిషి సెలవు పెట్టిన రోజున అంతమందికీ భోజనం ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారు? మూడోదానికి జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు. క్యారియర్లు మోసే కుర్రాణ్ణి అడిగి తెలుసుకుంటాను.

ఇట్లు,
తమరి ఏలుబడిలో ఉన్నట్టు చెప్పబడుతున్న ఒక పౌరుడు