టేస్టింగ్ రోజు సాంబారు గారికి

అయ్యా,

పోయిన ఏప్రిల్లో మా చెన్నై స్కూల్లో మీ దర్శనమైంది. పిల్లల మధ్యాహ్న భోజనం కేటరింగ్‌కు కొటేషన్లు ఇచ్చిన ముగ్గురూ తలో హాట్‌కేసు పట్టుకొచ్చారు. మీ మూత తీయగానే ఇంగువ, నెయ్యి వాసన ప్రిన్సిపాల్ గది దాటి వరండాలోకి వెళ్లింది. వేలెడేసి మునక్కాడలు, చెక్కుచెదరని సాంబారు ఉల్లిపాయలు! ఇంట్లో పప్పుచారు మీద ఆ సాయంత్రం ఏదో నోరు జారాను, అది వేరే కేసు.

మా కమిటీ కాగితంలో రుచికి 50 మార్కులు, వంటగదికి 10. "వంటగది ఒకసారి చూడొచ్చా?" అనడిగితే లామినేషన్ చేసిన ఫోటో చేతిలో పెట్టారు. ఆహార లైసెన్సు నంబరులో 14 అంకెలూ ఉన్నాయని లెక్కపెట్టుకుని తలూపాం. అది ఎవరి పేరు మీద ఉందో మాత్రం చూడలేదు. మీరు ఎదురుగా పొగలు కక్కుతుంటే కాగితాలు ఎవరు చదువుతారండీ?

తీరా జూన్‌లో బడి తెరిచాక మా వాడి ప్లేటులోకి వచ్చింది మీరు కాదు, మీ పేరు పెట్టుకున్న ఇంకెవరో. అంబత్తూరులో పొద్దున తొమ్మిదికే పొయ్యి దిగి, కత్తిపారా ట్రాఫిక్‌లో కునుకు తీసి, పన్నెండున్నరకు మడిపాక్కంలోని మా బడికి చేరతారు. వేడిగా వడ్డించే వంటకం 60 డిగ్రీలకు తగ్గకూడదని నియమం. ఈయనేమో పసిబిడ్డకు పోసే నీళ్లంత వెచ్చగా ఉంటారు. "మునక్కాడ ఒక్కటే ఉంది నాన్నా, అది మిస్ ప్లేటులో పడింది" అన్నాడు మా వాడు.

ఇదే ఊళ్లో 1920లో కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి గారు, మన తెలుగాయనే, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టించారు. పిల్లవాడికి రోజుకు అణా దాటకూడదని లెక్క. అందులో పెద్దలకు శాంపిల్ పెట్టేంత మిగిలేది కాదు కాబోలు.

వచ్చే ఏడాది కాంట్రాక్టుకు మళ్లీ మీరే వస్తున్నారట. రండి. థర్మామీటరు కొన్నాను, మీకోసం కాదులెండి. ఏదో ఒక మంగళవారం చెప్పాపెట్టకుండా గేటు దగ్గర నిలబడి, వ్యాన్ దిగే మీ తమ్ముడి ఒళ్లు పట్టుకు చూద్దామని. మా వాడికి ఒక మునక్కాడ బాకీ ఉన్నారు, ఆయనకు కాస్త గుర్తుచేయండి.

ఇట్లు,
ఆ రోజు రెండోసారి కూడా వడ్డించుకున్న కమిటీ సభ్యుడు