సేవలు కోసినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి

కోవిడ్ కాలంలో ఐదు నక్షత్రాల హోటళ్లలో ఏమేం ఆగిపోయాయో అందరికీ తెలుసు. స్విమ్మింగ్ పూల్ మూత, స్పా మూత, బఫే బదులు అట్టపెట్టెలో టిఫిన్, గది శుభ్రం అడిగితేనే. అన్నిటికీ ‘మీ భద్రత కోసమే’ అన్న ఒక్క మాటే సమాధానం. అందులో సగమే నిజం.

2020 జూన్ 8న హోటళ్లు తెరుచుకునే ముందు కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు తీసి చూడండి. పిల్లల ఆటస్థలాలు మూసేయమన్నారు. రూమ్ సర్వీస్ పొట్లం చేతికివ్వకుండా గుమ్మం దగ్గర పెట్టమన్నారు. బఫేను నిషేధించలేదు, దూరం పాటించమన్నారంతే. అతిథి ఖాళీ చేసిన ప్రతిసారీ గదిని శానిటైజ్ చేయమన్నారు తప్ప, ఉన్నన్నాళ్లూ దుప్పట్లు మార్చొద్దనలేదు. స్విమ్మింగ్ పూళ్లను మాత్రం అప్పట్లో కేంద్ర హోం శాఖే మూసి ఉంచమంది. అదీ, రాష్ట్రాలు వేరే ఆంక్షలు పెట్టిన చోట్లూ వదిలేస్తే, మిగతా కోతల్లో చాలావరకు హోటళ్ల సొంత నిర్ణయాలే.

గదులు ఖాళీగా ఉన్నా జీతాలూ కరెంటు బిల్లులూ ఆగవనీ, సిబ్బందికీ ప్రాణభయం ఉందనీ యాజమాన్యాలు అన్నాయి. కాదనలేం. కోతను తప్పుపట్టడం లేదు. మూసేసిన పూల్ ఫొటో పెట్టి గది అమ్మడమే తప్పు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. రిమోట్‌కు ప్లాస్టిక్ తొడుగు, తలుపుకు ‘శానిటైజ్ చేశాం’ అన్న స్టిక్కర్ వంటి కంటికి కనిపించే పనులకు లోటు రాలేదు. గాలి, నీళ్ల సంగతి చెప్పినవాళ్లే అరుదు. పెద్ద హోటళ్లలో చాలా గదుల కిటికీలు తెరుచుకోవు. సీలింగ్‌లో దాచిన ఏసీ పెట్టె (ఫ్యాన్ కాయిల్ యూనిట్) గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. బయటి గాలి వేరే గొట్టంలో (డక్ట్) రావాలి. కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేస్తే గది చల్లగానే ఉంటుంది, గాలి మాత్రం మారదు. బాత్రూమ్ ఎగ్జాస్ట్ జాలీకి టిష్యూ కాగితం ఆనించి చూడండి. అంటుకోకపోతే అది గాలి లాగడం లేదన్నమాట.

ఇక నీళ్లు. వారాల తరబడి వాడని గది పైపుల్లో లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరగొచ్చు. షవర్ తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. 1976లో అది మొదట బయటపడింది ఫిలడెల్ఫియాలోని ఓ పేరున్న హోటల్లోనే. వేడినీటి ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఖాళీ గదుల్లో కూడా వారానికోసారి ప్రతి కుళాయినీ, షవర్‌నూ కొన్ని నిమిషాలు వదలాలి. గది గదికీ తిరిగి ఆ కుళాయిలు తిప్పడానికి మనిషి కావాలి. ఆ మనుషుల్నే తగ్గించుకున్నాక నక్షత్రాలు దేనికిచ్చినట్టు? పాలరాతికా? లగ్జరీ అంటే వెనకాల పనిచేసే చేతులు. కోవిడ్ పోయినా చాలాచోట్ల దుప్పటి మార్పు అడిగితేనే జరుగుతోంది. ఇప్పుడు చెప్పే కారణం పర్యావరణం.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కావాలని సమాచారం దాచడం సేవా లోపమే. అందుకే డబ్బు కట్టేముందు మెయిల్‌లో అడగండి: పూల్ తెరిచి ఉందా, గది రోజూ శుభ్రం చేస్తారా, బయటి గాలి వస్తోందా, గది ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది? జవాబునూ, బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్‌నూ దాచుకోండి. హోటల్ ఏ ఊళ్లో ఉన్నా మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.