పిల్ 1981లో పుట్టలేదు

ప్రజా ప్రయోజన వ్యాజ్యం (పిల్) సుప్రీంకోర్టులో 1981 నాటి ఎస్.పి. గుప్తా కేసుతో మొదలైందని ఒక వ్యాసంలో రాశారు. దానికి ఈ సవరణ అవసరం. 1976లోనే ముంబయి కామ్‌గార్ సభ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, పిటిషన్ వేసే అర్హతను విశాలంగా చూడాలన్నారు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. బిహార్ జైళ్లలో కొందరు విచారణ ఖైదీలు, నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్షకన్నా ఎక్కువ కాలం మగ్గారు. పత్రికా కథనాల ఆధారంగా న్యాయవాది కపిలా హింగొరాణి సుప్రీంకోర్టుకు వెళ్లారు. సత్వర విచారణ, జీవించే హక్కునూ వ్యక్తిగత స్వేచ్ఛనూ కాపాడే రాజ్యాంగ 21వ అధికరణలో భాగమని కోర్టు తేల్చింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. పేదరికం వల్ల కోర్టుకు రాలేనివారి తరఫున సదుద్దేశంతో ఎవరైనా రావచ్చన్న సూత్రాన్ని గుప్తా కేసులో జస్టిస్ భగవతి స్థిరపరిచారు, అంతే.

పిల్ వేయాలనుకునేవారికి ఒక మాట. ముందు సంబంధిత అధికారికి వినతిపత్రం ఇచ్చి, అందినట్టు రుజువు దాచుకోండి. పత్రిక క్లిప్పింగ్ ఒక్కటే జతచేస్తే నిలబడటం కష్టం; సమాచార హక్కు కింద తీసుకున్న పత్రాలు బలం. సుప్రీంకోర్టు 2013 నిబంధనల ప్రకారం వృత్తి, వార్షికాదాయం, పాన్ నంబరు, ఆ విషయంలో మీ వ్యక్తిగత ప్రయోజనం, సంబంధిత పాత కేసులు అన్నీ వెల్లడించాలి. చాలా పిటిషన్లు ఇక్కడే దెబ్బతింటాయి: సొంత తగాదా దాచిపెట్టారని తేలితే కొట్టేయడమే కాదు, ఖర్చులూ విధిస్తారు. ఉద్యోగుల సర్వీసు వివాదాలకైతే ఈ దారి మూసేసినట్టే.