మహారాజశ్రీ స్పీడ్ టెస్ట్ గారికి

ఇంటర్నెట్ వేగాన్ని కొలిచి చూపించే మహారాజశ్రీ స్పీడ్ టెస్ట్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మీ కుశలానికి ఏ లోటూ లేదని తెలుసు. పచ్చటి ముల్లు కుడివైపు చివరిదాకా వాలి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. మా సంగతే, నిన్న మధ్యాహ్నం నుంచి ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకే రాస్తున్నాను.

నిన్న మా ఆస్పత్రికి పక్షవాతం అనుమానంతో వచ్చిన పేషెంట్‌ను న్యూరాలజిస్టు వీడియోలో చూస్తున్నారు. చేయి ఎత్తి పది సెకన్లు అలాగే పట్టుకోమన్నారు. ఆ పది సెకన్లలో చేయి కిందికి జారుతుందా లేదా అన్నదే పరీక్ష. సగంలో బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి చేయి మంచం మీద ఉంది. చేయి దానంతటది పడిపోయిందా, సమయం అయ్యాక పేషెంటే దించారా అని డాక్టర్ గారు అడిగారు. ఆ ప్రశ్న కూడా మాకు ముక్కలు ముక్కలుగానే వినపడింది. పెద్ద స్ట్రోక్ వచ్చి చికిత్స అందకపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని ఒక లెక్క ఉంది. ఆ నిమిషాల్లో మేము "హలో, వినిపిస్తోందా సార్" అంటూ కూర్చున్నాం. చివరికి సిస్టర్ ఫోన్ చెవికి ఆనించుకుని తను చూసింది చూసినట్టు చెబుతుంటే, పెద్ద స్క్రీన్ ముందు కూర్చున్న ఆ డాక్టర్ గారు విని రాసుకున్నారు.

అదే సమయంలో, కర్టెన్‌కు అవతల నిలబడి, మా ఆస్పత్రి పెద్దాయన మీ దర్శనం చేసుకుంటున్నారు. కాల్ తడబడిందని తెలిస్తే ఆయన చేసే మొదటి పని అదే. "ఏమయ్యా, 300 వస్తోందిగా! నెట్ బ్రహ్మాండంగా ఉంది. నీ కెమెరాలోనే ఏదో రోగం ఉంది" అని ఫోన్ తెచ్చి నా మొహానికి అడ్డంగా పెట్టారు.

తమరు ఆ 300 ఎలా తెచ్చారో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఒకేసారి బోలెడు కనెక్షన్లు తెరిచి, లైనులో ఉన్న చోటంతా మీరే ఆక్రమించి, ఎంత పట్టిందో కొలుచుకుంటారు. అంటే లైను భేషుగ్గా ఉందని మీరు తేల్చిన ఆ కాసేపూ ఆ లైను మీద ఇంకెవరికీ ఊపిరి ఆడదు. అప్పటిదాకా కుంటుతూ నడుస్తున్న కాల్‌ను పూర్తిగా పడగొట్టింది తమరి పరీక్షే. పడగొట్టాక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

అసలు వీడియో కాల్‌కు కావలసింది ఎంతని? హెచ్‌డీ బొమ్మకైనా రెండు మూడు ఎంబీపీఎస్, అంటే సెకనుకు రెండు మూడు మెగాబిట్లు, చాలు. మిగతా 297తో ఆ డాక్టర్ గారికి పని లేదు. ఆయనకు కావలసింది ప్యాకెట్లు, అంటే బొమ్మా మాటా ముక్కలై ప్రయాణించే పొట్లాలు, వేళకు రావడం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మాట సాఫీగా నడుస్తుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ వాళ్లు జీ.114 అనే సిఫార్సులో ఏనాడో రాసిపెట్టారు. ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులు, అదే జిట్టర్, 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలనీ, దారిలో తప్పిపోయేవి నూటికి ఒకటి మించకూడదనీ నెట్‌వర్క్ పనిలో ఉన్నవాళ్లందరూ చెప్పుకునే కొలతలే. వీటిలో ఏదైనా మీ తెర మీద పెద్ద అక్షరాల్లో ఉందా? పింగ్ అని, ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని, మూలన ఒక చిన్న అంకెగా పెడతారు. అదైనా లైను ఖాళీగా ఉన్నప్పుడు కొలిచింది. లోడ్ పడ్డాక ఆలస్యం ఎంతకు పెరిగిందో మీలో కొందరు ఈమధ్య చూపిస్తున్నారు, చూడాలంటే భూతద్దం కావాలి. పైగా మీరు ఊరేగించేది డౌన్‌లోడ్ అంకెను. మా పేషెంట్ మొహం వెళ్లేది అప్‌లోడ్ వైపు. అక్కడ ఉన్నది 30.

ఆ 30 మీద ఏం జరుగుతుందో కూడా వినండి. స్ట్రోక్ కేసు రాగానే సీటీ స్కాన్ తీస్తారు. ఆ బొమ్మలు వందల మెగాబైట్లు ఉంటాయి. అవి అదే డాక్టర్ గారికి, అదే లైను మీద, కాల్ నడుస్తుండగానే వెళ్తాయి. రౌటర్‌కు ఏ ప్యాకెట్‌నూ పారేయడం ఇష్టం ఉండదు, అన్నింటినీ క్యూలో నిలబెడుతుంది. వీడియో ప్యాకెట్ ఆ క్యూ వెనకాల నిలబడి అర సెకను తర్వాత చేరితే, అది చేరినా పోయినా ఒకటే. అలా పేషెంట్ మెదడు బొమ్మ వెళ్తూ వెళ్తూ పేషెంట్ చేతిని తెర మీద ఆపేస్తోంది. నెలవారీ గ్రాఫ్ తీసి చూపిస్తే ఐదు నిమిషాల సగటులో లైను సగం కూడా నిండలేదని ఉంటుంది. వార్డులో అందరి జ్వరం కలిపి సగటు తీసి, ఎవరికీ జ్వరం లేదు, ఇంటికి పొమ్మన్నట్టు ఉంటుంది ఆ గ్రాఫ్.

దీనికి మందు లేదా అంటే ఉంది. ప్రతి ప్యాకెట్ నుదుట 6 బిట్ల గుర్తు పెట్టే పద్ధతి 1998 నుంచీ ఉంది. మాటకు 46, వీడియోకు 34 అని గుర్తు పెట్టి, వాటిని ముందు పంపి, స్కాన్‌లను వెనక పంపొచ్చు. మన గడప దాటాక ఆ గుర్తును ఎవరూ గౌరవించకపోవచ్చు. ఫర్వాలేదు, ఇరుకు ఉన్నది మన గడప దగ్గరే. దాంతోపాటు లైను వేగం కన్నా కాస్త తక్కువకు కళ్లెం వేస్తే, క్యూ ఎక్కడో కంపెనీ వాళ్ల పెట్టెలో పెరగకుండా మన రౌటర్‌లోనే, మన చెప్పుచేతల్లో ఉంటుంది.

వేశాను. రెండు వైపులా నూటికి ఐదారు వంతులు తగ్గించాను. కాల్స్ ఆగడం మానేశాయి. స్కాన్ వెళ్తున్నప్పుడు కూడా మాట తెగలేదు. సిస్టర్లు "హలో" అనడం మర్చిపోయారు. మెచ్చుకోలు వస్తుందేమోనని ఎదురుచూస్తుంటే, పెద్దాయన మిమ్మల్ని అడిగారు. మీరు 280 అన్నారు. "300కి డబ్బు కడుతుంటే 20 ఎటు పోయింది?" అని మీటింగులో అందరి ముందూ నన్ను నిలదీశారు. ఆ 20 నేను ఇంటికి పట్టుకుపోయినట్టు. కళ్లెం తీయించారు. కావాలంటే ఇంకో వంద కొందాం, అది మాత్రం ముట్టుకోవద్దు అన్నారు. ఆ కొనేదీ డౌన్‌లోడే అనుకోండి. నిన్నటి మధ్యాహ్నం అలా వచ్చింది.

మీ బంధువర్గానికి కూడా నా నమస్కారాలు చెప్పండి. సీసపు రేకు వేసిన ఎక్స్‌రే గది పక్కన నిలబడి కూడా మూడు గీతలు చూపించే వైఫై గుర్తు గారికి. రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు కొని, రెండింటినీ ఒకే గోతిలో పాతించి, బ్యాకప్ ఉందని రాసుకున్న ఫైలు గారికి. పోయిన ప్యాకెట్ కోసం ఆగని యూడీపీ దారిని మొత్తంగా మూసేసి వీడియోను టీసీపీ దారిలోకి తోస్తున్న ఫైర్‌వాల్ పాలసీ గారికి మరీ మరీ. పోయిన ఒక్క ప్యాకెట్ మళ్లీ వచ్చేదాకా వెనక ఉన్నవాటన్నింటినీ ఆపే ఆ ఓపిక స్ట్రోక్ పేషెంట్‌కు ఉండదని వారికి ఎవరైనా చెబితే బాగుండు.

1968లో బోస్టన్‌లో లోగన్ విమానాశ్రయానికీ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కూ మధ్య మైక్రోవేవ్ లింకు వేసి డాక్టర్లు టీవీలో పేషెంట్లను చూశారు. అప్పటికి మీరు లేరు. అదృష్టవంతులు.

మీతో నాకు పాత పగ ఏమీ లేదు. కంపెనీ వాళ్లు వంద అని చెప్పి ఇరవై ఇస్తున్న రోజుల్లో వాళ్ల నోరు మూయించింది మీ స్క్రీన్‌షాటే. లైను నిజంగా తెగినప్పుడు మీరు అబద్ధం చెప్పలేదు కూడా. మీ లెక్క తప్పని నేను అనను. మిమ్మల్ని తీసుకెళ్లి కూర్చోబెట్టిన కుర్చీ తప్పు. కానీ అయ్యా, ఆ కుర్చీలో కూర్చుని ఇన్నాళ్లూ మీరు కిక్కురుమనలేదు. ఒక మనిషి చేయి పడిందో లేదో తెలియక డాక్టర్ తెరకేసి చూస్తున్నప్పుడు, పక్కన ఆకుపచ్చ రంగులో "అద్భుతం" అని వెలగడానికి సిగ్గుండాలి. మర్యాదగా రాద్దామనే మొదలుపెట్టాను. కుదరలేదు.

నిన్న రాత్రి కళ్లెం మళ్లీ వేశాను. ఎవరినీ అడగలేదు. ఈసారి 280 ఎవరి కంటా పడకుండా, ఆస్పత్రి నెట్‌వర్క్‌లో తమరి రాకపోకలు కూడా ఆపించాను. మనసులో పెట్టుకోకండి.

ఇట్లు,
సర్వర్ గదిలో ఉండే మీ పాత భక్తుడు

తా.క.: పొద్దున్నే పెద్దాయన ఫోన్ చేశారు. మీరు ఓపెన్ కావడం లేదట, కాబట్టి ఆస్పత్రిలో ఇంటర్నెట్ మొత్తం పోయిందట. ఈ మాట ఆస్పత్రి వైఫై మీద, వాట్సాప్ వీడియో కాల్‌లో చెప్పారు. ఆయన కోపం ఒక్క ఫ్రేమ్ కూడా ఆగకుండా కనిపించింది.