అలమారలో అమ్మ

బెంగళూరులో మారతహళ్ళి వంతెన కింద నిలబడి ఏ కోర్సు బాగుంటుందని గట్టిగా అడిగితే నాలుగు వైపుల నుంచీ తెలుగులోనే జవాబు వస్తుంది. జావా అంటారొకరు, టెస్టింగ్ అంటారింకొకరు. మా గదిలోని కడపకు మాత్రం ఎవరో షెల్ స్క్రిప్టింగ్ అని చెప్పారు.

కడప అన్నది ఊరు కాదు, మనిషి. మా పీజీ హాస్టల్లో అందరినీ ఊళ్ళ పేర్లతోనే పిలుస్తారు. మా గదిలో కడప, ఒంగోలు, కరీంనగర్ ఉంటారు. అద్దె పుస్తకంలో పీజీ నడిపే ఆంటీ కూడా అలాగే రాసుకుంటుంది కాబట్టి ‘ఒంగోలు రెండు నెలలు బాకీ’ అని చదివితే జిల్లా యంత్రాంగం గురించేమో అనిపిస్తుంది.

కడప చదివింది మెకానికల్. సపోర్టు ఉద్యోగాల ప్రకటనల్లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వెంటే షెల్ స్క్రిప్టింగ్ అని కనిపించడంతో సాయంత్రం బ్యాచీలో చేరాడు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాత్రి అన్నాల దగ్గర మాకు వడ్డించేవాడు. మనం టైపు చేసిన ఆజ్ఞను, అంటే కమాండ్‌ను, అందుకుని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ చేత పని చేయించే ప్రోగ్రామే షెల్ అట. అలాంటి ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో రాసిపెడితే అది స్క్రిప్టు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో బయటికొచ్చింది. దాని స్థానంలో వాడుకోవడానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు తరఫున బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ అనే షెల్ 1989లో వచ్చింది. ఇవన్నీ వింటూ ఒంగోలు సాంబారులో ములక్కాడ కోసం వెతుక్కునేవాడు.

అసలు గొడవ ఖాళీలతో మొదలైంది. నేమ్ అని రాసి, సమాన గుర్తు పెట్టి, వెంటనే కడప అని రాస్తే షెల్ కిమ్మనకుండా ఒప్పుకుంటుంది. సమాన గుర్తుకు అటూ ఇటూ కాస్త ఎడం ఇచ్చామో, నేమ్ అనే కమాండ్ కోసం వెతికి అలాంటిదేదీ లేదు పొమ్మంటుంది. పోనీ ఖాళీలంటేనే దానికి పడదేమో అనుకుని, షరతు పెట్టే ఇఫ్ పక్కన చదరపు బ్రాకెట్లో అన్నీ అతికించి రాశాడు. అక్కడ ఖాళీలు ఉండి తీరాలట. ఎందుకంటే తెరిచే ఆ బ్రాకెట్టే ఒక కమాండ్! కొత్త కోడలికి అత్తగారింట్లో కూడా ఇన్ని నియమాలు ఉండవని కడప వాపోయాడు.

బోర్న్‌కు ఆల్గాల్ 68 అనే ప్రోగ్రామింగ్ భాష మీద మక్కువ ఎక్కువ. అందుకే ఇఫ్‌తో తెరిచినదాన్ని తిరగేసి ఎఫ్ఐతో మూయాలి, కేస్‌ను ఈఎస్ఏసీతో మూయాలి. ఆ లెక్కన ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే డూను ఓడీతో మూయాలి కదా అని కడప ధీమాగా రాసేశాడు. కానీ ఓడీ అన్న పేరుతో యూనిక్స్‌లో అంతకు ముందే వేరే కమాండ్ ఉంది, ఫైలులో ఉన్నదాన్ని అంకెల రూపంలో గుమ్మరించి చూపించేది. అందుకని అక్కడ మాత్రం డన్ అనాలి. తర్కం పట్టుబడిందని సంబరపడే లోపల మినహాయింపు ఎదురు రావడం మెకానికల్ వాళ్ళకు అలవాటే కాబట్టి తట్టుకున్నాడు.

తట్టుకోలేనిది ఇంకొకటి. మొదటి స్క్రిప్టుకు టెస్ట్ అని పేరు పెట్టి, అదే పేరు కొట్టి నడిపించాడు. ఏమీ కాలేదు. తప్పూ చూపలేదు, ఒప్పూ చూపలేదు. ఒక సాయంత్రమంతా కంప్యూటర్‌తో మౌనవ్రతం. బాష్‌లో టెస్ట్ అనే సొంత కమాండ్ ముందే ఉందనీ, ఇంత సేపూ నడుస్తున్నది అదేననీ మర్నాడు మాస్టారు చెప్పారు. యూనిక్స్‌లో ఏమీ మాట్లాడకపోతే పని సక్రమంగా జరిగినట్టే అనే సూత్రం కూడా అప్పుడే చెప్పారట. కడప ఆ సూత్రాన్ని మనసుకు మరీ ఎక్కువగా పట్టించుకున్నాడు.

ఇక అలారం సంగతి. కడపకు నిద్ర జబ్బుంది. జబ్బు అతనికి, బాధ మాకు. ఫోను అలారం మోగితే మేం లేస్తాం, అతను లేవడు. లోకంలో అతన్ని లేపగలిగేది వాళ్ళ అమ్మగారి గొంతొక్కటే. అందుకని ఆవిడ చేత నాలుగు నిమిషాల మేలుకొలుపు చెప్పించి తెప్పించుకున్నాడు. మొదటి నిమిషం ‘లే నాన్నా, తెల్లారింది’ అని ముద్దుగానే సాగుతుంది. ఆ తరువాత రికార్డవుతున్న సంగతి ఆవిడ మరచిపోయింది. గుమ్మంలోకి పాలవాడు వచ్చాడు. ‘ఇవి పాలా, నీళ్ళా? డబ్బులు తీసుకోవడానికి సిగ్గుండాలి!’ అన్నది అందులో అన్నిటికన్నా స్పష్టంగా వినిపించే వాక్యం.

దాన్ని మోగించే స్క్రిప్టు రాసి, క్రాన్‌కు అప్పగించాడు కడప. చెప్పిన వేళకు చెప్పిన పని చేసిపెట్టే ప్రోగ్రాము క్రాన్. దానికి వరుసగా ఐదు గళ్ళు నింపాలి. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఏ గడిలో చుక్క గుర్తు (*) పెడితే అక్కడ ‘ప్రతి’ అని అర్థం. ఆరు గంటలకు లేవాలి కదా, రెండో గడిలో ఆరు వేసి మిగతావన్నీ చుక్కలతో నింపాడు. చేతికి అందితే నిద్రలోనే నొక్కేస్తానని లాప్‌టాప్‌ను అలమారలో పెట్టి తాళం వేశాడు. మూత మూసినా అది నిద్రపోకుండా సెట్టింగు మార్చి, తలుపు సందులోంచి ఛార్జరు వైరు లాగాడు. ముందుచూపంటే అదీ.

శుక్రవారం ఉదయం అది మోగలేదు. మనం చేత్తో నడిపితే పాడే స్క్రిప్టు క్రాన్ చేతిలో మూగబోవచ్చు. మనం ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో ఉండే ఏర్పాట్లన్నీ క్రాన్‌కు తెలియవు, ధ్వని ఎక్కడికి పంపాలో కూడా విడిగా చెప్పాలి. ఆ సాయంత్రం కూర్చుని అది కూడా చెప్పి, శబ్దం నిండుగా పెంచి, అలమారకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, రాత్రి మడివాళలో ఊరి బస్సెక్కాడు.

శనివారం ఉదయం ఆరింటికి అలమారలోంచి ‘లే నాన్నా’ అని వినిపించింది. సరే, ఒక పూట ఓర్చుకుందాం అనుకున్నాం. ఆరు దాటి ఒక నిమిషానికి ఇంకొక అమ్మ మొదలైంది. మరుసటి నిమిషానికి ఇంకొకరు. నాలుగో గొంతు కలిసేసరికి ఒకరు బుజ్జగిస్తున్నారు, ఇద్దరు పాలవాణ్ణి తిడుతున్నారు, ఇంకొకరు ఫీజు సంగతి ఎత్తారు. ఒకరు ముగించిన క్షణంలోనే కొత్తావిడ అందుకుంటోంది. చెక్క అలమార ఒక మోస్తరు మైకులా పనిచేసింది. కరీంనగర్ ఛార్జరు పీకాడు. బ్యాటరీ నిండుగా ఉంది.

పై అంతస్తు వాళ్ళు మెట్ల మీద చేరారు. ఎవరి అమ్మనో లోపల పెట్టి తాళం వేశారని ఒక హాసన్ కుర్రాడు కన్నడంలో గాభరాపడుతున్నాడు. అంతలో వంటగదిలోంచి ఆంటీ వచ్చింది. సరిగ్గా అప్పుడే అలమార ‘ఇవి పాలా, నీళ్ళా?’ అంది. ఆంటీ చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది.

“నా పాల గురించి అలమారలో కూర్చుని మాట్లాడుతున్నది ఎవరు?” అంది ఆంటీ.

ఎవరూ నోరు విప్పలేదు. నిమిషం గడిచింది. ‘డబ్బులు తీసుకోవడానికి సిగ్గుండాలి!’

అప్పుడే ఒంగోలు ఫోను మోగింది. కడప వాళ్ళ అమ్మగారు. బస్టాండులో కొడుకు దిగలేదు, ఫోను ఎత్తడం లేదు.

“ఎవరు నాయనా వెనకాల అంతమంది ఆడవాళ్ళు?” అన్నారావిడ.

“అందరూ మీరేనమ్మా” అన్నాడు ఒంగోలు.

ఆవిడ కాసేపు విని, “ఆ పాలవాణ్ణి అప్పుడే మాన్పించాను, ఇప్పుడెందుకు తిట్టిస్తున్నారు?” అన్నారు. అది నిజమే, మా దగ్గర జవాబు లేదు.

మేం వదలకుండా ఫోను చేస్తే కడప చివరికి ఎత్తాడు. బస్సు కడప దాటి ప్రొద్దుటూరు దారిలో ఉంది, మనిషి హాయిగా నిద్రలో ఉన్నాడు. విషయమంతా విని, టైమెంతని అడిగాడు. ఆరున్నర. “ఐతే ఏం కంగారు లేదు. నిమిషం గడిలో చుక్క పడినట్టుంది. ఆరింటి నుంచి ఏడు లోపల ప్రతి నిమిషానికీ ఒకసారి, మొత్తం అరవై. ఆరు యాభై తొమ్మిదికి చివరిది మొదలవుతుంది, ఏడూ మూడుకల్లా అంతా సద్దుమణుగుతుంది” అని రైల్వే ప్రకటన చదివినట్టు చెప్పి, కిందికి దిగడానికి డ్రైవరును బతిమాలుకోవడానికి వెళ్ళిపోయాడు. లెక్క తప్పలేదు. ఏడూ మూడుకు ఆఖరి అమ్మ గొంతు ఆగింది.

సోమవారం అతను తిరిగొచ్చాక ఆంటీ విచారణ పెట్టింది. కడప గోడమీది మెనూ బోర్డు తుడిచి, ఐదు గళ్ళు గీసి, మొదటి గడిలోని చుక్క తీసేసి సున్నా వేసి చూపించాడు. ఇప్పుడు రోజుకు ఒక్కసారే మోగుతుందని చెప్పాడు. పాల సంగతి మళ్ళీ మళ్ళీ అడిగాక ఆవిడ కొంత శాంతించింది. వెళ్ళబోతూ ఆగి, బోర్డు వైపు చూసింది.

“ఐదు గళ్ళలోనూ చుక్కలే పెడితే?”

“రాత్రనక పగలనక నిమిషానికి ఒకసారి మోగుతుంది ఆంటీ.”

ఆంటీ లోపలికి వెళ్ళి అద్దె పుస్తకం తెచ్చింది. ఒంగోలు పేరున్న పేజీ తెరిచి, గొంతు సవరించుకుని, “రికార్డు నొక్కు నాయనా” అంది.