ప్లాట్ మీడియేటర్‌కి కమీషన్ ఇస్తాం, పోర్ట్‌ఫోలియో చూసేవాడికి ఫీజంటే మాత్రం ఏడుస్తాం

మార్కెట్ నాలుగు రోజులు వరసగా పడితే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో, ఆఫీస్ క్యాంటీన్లలో ఒకటే గోల, "నా పోర్ట్‌ఫోలియో ఒకసారి చూడరా, ఏవి ఉంచాలి ఏవి అమ్మేయాలి" అని. వెనకే ఒక స్క్రీన్‌షాట్, సగానికి పైగా ఎరుపు. ఒకడు హోల్డ్ అంటాడు, ఒకడు పడిన ధరకి ఇంకొన్ని కొని యావరేజ్ చెయ్యమంటాడు, ఇంకొకడు అవన్నీ పీకేసి డిఫెన్స్ షేర్లలో పెట్టమంటాడు, అడిగినాయన ఇందులోంచి తన మనసులో ముందే ఉన్న జవాబు ఏరుకుని థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు. రూపాయి ఖర్చు లేదు. అసలు తంటా అంతా అక్కడే ఉందని నేనంటాను.

2020 మార్చిలో దేశంలో షేర్లు దాచుకునే డీమ్యాట్ అకౌంట్లు దాదాపు 4 కోట్లు, ఇప్పుడు 20 కోట్లు దాటాయి. ఒకే మనిషికి రెండు మూడు ఉంటాయి కాబట్టి మనుషుల లెక్క తక్కువే అనుకోండి. మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టర్ అయిన, ఫీజు తీసుకుని సలహా చెప్పే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు మాత్రం దేశం మొత్తం కలిపి వెయ్యికి అటూ ఇటూ. 2013 నుంచి రూల్స్ ఉన్నాయి, 2024 డిసెంబర్‌లో వాటిని కాస్త సడలించారు కూడా, అయినా ఎవరూ ఎగబడి రావట్లేదు, ఎందుకంటే కొనేవాడు లేడు. ప్లాట్ కొన్నప్పుడు మీడియేటర్‌కి ఒకటో రెండో శాతం కిక్కురుమనకుండా ఇస్తాం, 60 లక్షల ప్లాటుకి 60 వేలకి తక్కువ కాదు, ఆయన చేసిన పనల్లా రెండుసార్లు బండెక్కించుకుపోయి హద్దురాళ్ళు చూపించడం. అదే 30 లక్షల షేర్లూ ఫండ్లూ చూసిపెట్టే మనిషి ఏడాదికి 20 వేలు అడిగితే "ఆ మాత్రం యూట్యూబ్‌లో చూసుకోలేమా" అంటాం.

సరే, ఫ్రీగా చెప్పేవాళ్ళు ఎలా బతుకుతున్నారో చూద్దాం. గుంటూరు మిర్చి రైతు ఆకు ముడత వస్తే పురుగు మందుల షాపుకే వెళ్ళి ఏం కొట్టాలని అడుగుతాడు, షాపాయన ఒక డబ్బా చాలిన చోట మూడు అంటగడతాడు, చదువుకున్న మనం అయ్యో రైతు అని జాలిపడతాం. మనం చేస్తున్నదీ అదే కదా. బ్రోకర్ దగ్గర్నుంచి ఫోన్ చేసే కుర్రాడికి మనం కొన్నా అమ్మినా కంపెనీకి బ్రోకరేజ్ రావాలి, అతని టార్గెట్ అది. బ్యాంకులో కాఫీ ఇచ్చి కూర్చోబెట్టే రిలేషన్‌షిప్ మేనేజర్‌కి కమీషన్ కలిసి ఉండే రెగ్యులర్ ప్లాన్ మ్యూచువల్ ఫండో, ఇన్సూరెన్స్ కలిపిన ప్లానో పోవాలి. టెలిగ్రామ్ చానెల్ వాడికి తన లింక్ నొక్కి మనం అకౌంట్ తెరవాలి, లేదా అతని ఆప్షన్స్ కోర్సు కొనాలి. వీళ్ళలో ఏ ఒక్కరికైనా మనం ఏమీ చెయ్యకుండా గమ్మున కూర్చుంటే ఒక్క కొత్త పైసా వస్తుందా? రాదు. అందుకే "ఇప్పుడేమీ చెయ్యకండి" అనే సలహా మీకెప్పుడూ వినపడదు, చాలామందికి చాలాసార్లు కరెక్ట్ సలహా అదే అయినా సరే.

గమ్మున కూర్చోవడం నా వేదాంతం అనుకునేరు. అమెరికాలో బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1991 నుంచి 1996 దాకా ఒక డిస్కౌంట్ బ్రోకర్ దగ్గరున్న 66,465 కుటుంబాల ఖాతాలు తిరగేసి 2000లో పేపర్ వేశారు, ఆ కాలంలో మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇస్తే అందరికంటే ఎక్కువగా కొనీ అమ్మీ చేసినవాళ్ళకి దక్కింది 11.4 శాతం. మన దగ్గరి లెక్క ఇంకా ఘోరం. 2024 సెప్టెంబర్‌లో సెబీ బయటపెట్టిన స్టడీ ప్రకారం మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ, అంటే ధర ఎటు పోతుందోనని పందెంలా ఆడే ఫ్యూచర్స్, ఆప్షన్స్, ఆడిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం పోయింది 1.8 లక్షల కోట్లకు పైనే. మనిషికి సగటున 2 లక్షలు. ఆ తర్వాత ఏడాది, అంటే 2024-25లో, మళ్ళీ లక్ష కోట్లకు పైన పోయింది. ఇందులో ఎంతమంది పోర్ట్‌ఫోలియో సలహా అడగబోయి ఆప్షన్స్‌లోకి జారారో ఏ స్టడీ చెప్పదు గానీ, దారి మాత్రం అందరికీ తెలిసిందే, "మీ షేర్లు ఊరికే పడున్నాయి కదా, వాటిని తాకట్టు (ప్లెడ్జ్) పెట్టి కాల్ ఆప్షన్స్ అమ్ముకుంటే నెలనెలా ఇన్‌కమ్" అని చెవిలో ఊదేవాడు ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు.

ఇక ట్రేడింగ్ నేర్పే గురువుల సంగతి. 2023 అక్టోబర్‌లో సెబీ 'బాప్ ఆఫ్ చార్ట్' అనే ట్రేడింగ్ పాఠాల చానెల్ మీద ఆర్డర్ ఇచ్చింది, కోర్సుల పేరుతో వసూలు చేసిన 17.2 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. నాకు అందులో నచ్చింది ఆ నంబర్ కాదు, ఇంకోటి. లాభాల స్క్రీన్‌షాట్లతో జనాన్ని లాగిన ఆ గురువుగారు సొంత ట్రేడింగ్‌లో రెండున్నరేళ్ళలో దాదాపు 3 కోట్లు పోగొట్టుకున్నారని సెబీ అదే ఆర్డర్‌లో రాసింది. అంటే మార్కెట్లో పోయేది పోతున్నా పాఠాల మీద వచ్చేది వస్తోందన్నమాట. 2025 జనవరిలో ఎడ్యుకేషన్ పేరు చెప్పుకునేవాళ్ళు మూడు నెలల పాత ధరలే చూపించాలని రూల్ పెట్టారు, ఆ రూల్ వచ్చాక కూడా ఉదయం 9 గంటలకి లైవ్ పెట్టి "నేర్పిస్తున్నాం అంతే" అనేవాళ్ళు పోలేదు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, చిన్నదేం కాదు. 2 లక్షల పోర్ట్‌ఫోలియో ఉన్న కుర్రాడు 15 వేలు ఫీజు కడితే అక్కడే 7.5 శాతం పోయినట్టు, ఆ ఏడాది మార్కెట్ ఇచ్చేది ఎంత, వీడికి మిగిలేది ఎంత అని. నిజమే. కానీ 2 లక్షలున్నవాడికి అసలు షేర్ల పోర్ట్‌ఫోలియో ఎందుకు? ఒక నిఫ్టీ ఇండెక్స్ ఫండ్, అదీ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్, నెలనెలా సిప్, ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో, అయిపోయింది, ఇందుకు ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. ఈ మాట అతనికి ఎవరూ ఎందుకు చెప్పట్లేదో పైన చెప్పుకున్నాం. 20 లక్షలు దాటినవాళ్ళు కూడా ఇదే వాదన ఎత్తుకుంటారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. రెగ్యులర్ ప్లాన్లో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 0.75 శాతం వేసుకున్నా 20 లక్షల మీద ఏడాదికి 15 వేలు ఆల్రెడీ కడుతూనే ఉన్నారు, పైగా ఫండ్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆ లెక్క ఎక్కడా దాచలేదు, ఆరు నెలలకోసారి మెయిల్‌కి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్లో రూపాయల్లో వేస్తారు, 2016లో సెబీ చెప్పినప్పటి నుంచి. పాన్ నంబర్ పాస్‌వర్డ్ కొట్టి తెరవాలి, ఆ బద్ధకానికి మనం తెరవం.

ఆ మధ్య మా బంధువు ఒకాయన తన పోర్ట్‌ఫోలియో చూడమని ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు, మియాపూర్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్, నలభై దాటింది. 41 కంపెనీలు. ఐపీఓల్లో ఒక్కో లాట్ తగిలినవి, కొలీగ్ చెప్పినవి, వీడియో చూసి కొన్నవి, ఎందుకు కొన్నాడో తనకే గుర్తులేనివి. అన్నీ కలిపి 9 లక్షలు. అడిగిన ప్రశ్న ఏంటంటే ఒక చిన్న బ్యాంకు షేరు 70 శాతం పడింది, ఉంచాలా తీసెయ్యాలా అని. దాని విలువ ఆ రోజుకి 14 వేలు. లాభంలో ఉన్న ఒక మంచి షేరు మాత్రం పదకొండో నెలలో అమ్మేశాడు, ఏడాది దాటేదాకా ఆగుంటే 20 శాతం ట్యాక్స్ బదులు 12.5 శాతం స్లాబ్‌లోకి వచ్చేది, అందులోనూ ఏడాదికి మొదటి 1.25 లక్షల లాభం మీద అసలు ట్యాక్సే ఉండదు. "మరి మిగతావి చెప్పు బావా" అంటే అప్పుడు బయటకొచ్చాయి. 62 లక్షల హోమ్ లోన్, షాద్‌నగర్ వైపు ఒక ప్లాట్, నెలకి 25 వేల చిట్టీ, లాకర్లో బంగారం. టర్మ్ ఇన్సూరెన్స్ ఉందా అంటే కంపెనీ ఇచ్చిందేదో ఉందన్నాడు. ఉద్యోగం పోతే అదీ పోతుంది, లోన్ మాత్రం ఉంటుంది, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇన్నేళ్ళుగా ఎంతోమందిని అడిగాడట, 14 వేల గురించి అందరూ ఏదో ఒకటి చెప్పారు, 62 లక్షల గురించి ఒక్కడూ అడగలేదు!

పోర్ట్‌ఫోలియో సలహా అంటే షేర్ల లిస్ట్ మీద టిక్కులు కొట్టడం అనుకున్నంత కాలం ఇంతే. ఫీజు తీసుకునే అడ్వైజర్ దగ్గరికి వెళ్తే మొదటి మీటింగ్‌లో షేర్ల పేర్లే రావు, విసుగొస్తుంది కూడా, అప్పులెన్ని, పిల్లల వయసెంత, అమ్మానాన్న మీ మీద ఆధారపడ్డారా, మార్కెట్ సగానికి పడితే మీరు నిద్రపోతారా అని ఫారాలు నింపిస్తాడు. రూల్ ప్రకారం అతను అలా అడిగి తీరాలి. తన క్లయింట్‌కి ప్రోడక్ట్ అమ్మి కమీషన్ తినకూడదు, ఫిక్స్‌డ్ ఫీజు అయితే ఒక కుటుంబానికి ఏడాదికి 1,51,000 దాటకూడదు. రిజిస్ట్రేషన్ నంబర్ ఐఎన్‌ఏతో మొదలవుతుంది, సెబీ సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఐఎన్‌హెచ్ అని ఉంటే అతను రీసెర్చ్ ఎనలిస్ట్, ఫలానా షేర్ కొనొచ్చు అమ్మొచ్చు అని రిపోర్ట్ రాస్తాడు గానీ మీ ఇంటి పరిస్థితి అతని పని కాదు. మనవాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుంటారు, ఏ నంబరూ లేనివాడితో సరిపెట్టుకునేవాళ్ళే ఎక్కువ. వీళ్ళందరూ దేవుళ్ళని నేననట్లేదు, ఫీజు తీసుకుని ఎక్సెల్ షీట్ మొహాన కొట్టేవాళ్ళూ ఉన్నారు. కనీసం వాళ్ళ మీద కంప్లైంట్ పెట్టడానికి సెబీ వాళ్ళ స్కోర్స్ పోర్టల్ ఉంది. వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ మీద ఎక్కడ పెడతాం, సైబర్ నేరాల నంబర్ 1930కి ఫోన్ చేసి పోలీసులకి చెప్పుకోవడమే.

మన తెలుగువాళ్ళకి ఇంకో జబ్బుంది, మనవాడు అనే నమ్మకం. లెక్కల మోసం బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ షేరు 2009 జనవరి 7న ఒక్కరోజులో 179 నుంచి 40కి పడింది, ఆ షేరు హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్ళలో ఉండేదో ఆ తరం వాళ్ళని అడగండి, బ్యాలెన్స్ షీట్ చూసి కొన్నవాళ్ళ కంటే మన ఊరి కంపెనీ అని కొన్నవాళ్ళే ఎక్కువ ఉంటారు. పదేళ్ళకి కార్వీ. హైదరాబాద్ బ్రోకింగ్ సంస్థే, మన వీధి చివర బ్రాంచి, తెలిసిన కుర్రాడు, పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టమంటే పెట్టేశాం, 2019 నవంబర్‌లో సెబీ ఆర్డర్ వచ్చాక గానీ మన షేర్లు వాళ్ళు తాకట్టు పెట్టుకున్నారని తెలియలేదు. అప్పుడు చాలామంది క్లయింట్లకి తమ డీమ్యాట్‌లో ఏముందో, షేర్లు భద్రంగా ఉంచే డిపాజిటరీ నుంచి నేరుగా స్టేట్‌మెంట్ వస్తుందన్న సంగతి కూడా తెలీదు.

ఈ గుడ్డి నమ్మకం బయటివాళ్ళ మీద ఇంత ఉంటే ఇంట్లోవాళ్ళ మీద ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. టెలిగ్రామ్‌లో మొహం తెలియనివాడికి పోర్ట్‌ఫోలియో స్క్రీన్‌షాట్ పంపే మగమహారాజు పెళ్ళాంకి మాత్రం చూపించడు. "తనకి అవన్నీ తెలీవులే" అంటాడు. ఆవిడేమో రెండు చిట్టీలు నడిపి, బంగారం ఎప్పుడు కొనాలో ఎప్పుడు ఆగాలో లెక్కేసి, పిల్లల ఫీజులు సర్దిన మనిషి. ఇంకో రకం ఉంది, డాలస్‌లో కొడుకు, విజయవాడలో నాన్న పేరు మీద అకౌంట్, కొడుకు అర్ధరాత్రి కూర్చుని ఆర్డర్ పెడితే ఓటీపీ నాన్న ఫోన్‌కి వస్తుంది, ఆయన కళ్ళజోడు వెతుక్కుని నంబర్ చదివి చెప్తాడు, ఏం అమ్ముతున్నాడో ఎందుకు అమ్ముతున్నాడో ఆయనకి తెలీదు. అదే కొడుకు తన పేరు మీద ఇక్కడున్న పాత డీమ్యాట్‌ని ఎన్నారైలకుండే ఎన్‌ఆర్‌ఓ అకౌంట్ కిందకి మార్చుకోవాలన్నది పట్టించుకోడు. ఎవరైనా పోతే అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. ఏడేళ్ళు వరసగా డివిడెండ్ ఎవరూ తీసుకోకపోతే డివిడెండ్‌తో పాటు ఆ షేర్లు కూడా ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్ళిపోతాయి, వెనక్కి తెచ్చుకోవాలంటే ఫారాలు, వారసత్వ కాగితాలు, సంతకాలు కలవలేదన్న తిప్పలు. నామినీ పేరు రాశాం కదా అంటారు, నామినీ అయినంత మాత్రాన షేర్లకి ఓనర్ అయిపోరని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది, ఎవరికి చెందాలో మీరే చెప్పాలంటే వీలునామా రాయాలి. మా మియాపూర్ బావకి 41 కంపెనీల పేర్లు కంఠతా వచ్చు, వీలునామా లేదు, ఆ యాప్‌లో నామినీగా ఇప్పటికీ పెళ్ళికి ముందు రాసిన వాళ్ళ అమ్మగారి పేరే ఉంది. ఫీజు అడిగిన అడ్వైజర్ ఎవరైనా ఈ రెండూ మొదటి గంటలోనే అడిగి ఉండేవాడు.