మంగళగిరి పానకానికి అగ్నిపర్వతం అక్కరలేదు

శ్రీరామనవమి దగ్గరపడే రోజుల్లో గుంటూరు, విజయవాడ ప్రాంతాల ఫోన్లలో మంగళగిరి కొండ మీద నోట పానకం పోయించుకునే నరసింహుని, అంటే పానకాల స్వామిని గురించిన పొడుగాటి సందేశం ఒకటి ఏటేటా తిరుగుతుంది. ఈ ఏడు అది నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. వాటిలో రెండు మా పెద్దవాళ్ళు పంపినవి కావడంతో చదవకుండా తీసివేసే స్వేచ్ఛ కూడా లేకపోయింది. ఆ సందేశం చెప్పేది క్లుప్తంగా ఇది. మంగళగిరి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమట, కొండ ఆకారమే దానికి సాక్ష్యమట; దాని కడుపులో ఇప్పటికీ గంధకం ఉందట; బెల్లపు నీళ్ళు గంధకానికి విరుగుడని కనిపెట్టిన ఋషులు స్వామి పేరు పెట్టి అక్కడ పానకం పోసే ఏర్పాటు చేశారట. ఎంత బిందెడు పోసినా సరిగ్గా సగమే లోపలికి పోతుందట, ఒక్క చీమ కూడా చేరదట, శాస్త్రవేత్తలు కారణం చెప్పలేక వెనుదిరిగారట. హిరణ్యకశిపుని చీల్చిన స్వామి వెలసినది ఇక్కడేనట. గాలిగోపురం అయిదు వందల ఏళ్ళ కిందట కృష్ణదేవరాయలు కట్టించినదట, ఒరిగిపోతూ ఉంటే దైవశక్తితో తనంతట తానే నిలబడిందట. కొండ మీది గుహలో నుంచి ఉండవల్లికి సొరంగం ఉందట, దానిని ప్రభుత్వం మూసివేసిందట. అర్ధరాత్రి దేవతలు పానకం పోసే శబ్దం వినాలంటే పొద్దుగూకాక వెళ్ళాలట. చివరగా, పదకొండు మందికి పంపితే శుభం.

భక్తితో నాకు పేచీ లేదు. చిన్నతనంలో మా నాయనమ్మ చెయ్యి పట్టుకొని ఆ మెట్లు ఎక్కినవాణ్ణే. శంఖంతో పానకం పోస్తుంటే లోపలి నుంచి వచ్చే గుటకల చప్పుడుకు ఊపిరి బిగబట్టి విన్నవాణ్ణే. నా పేచీ అంతా ఆ చప్పుడుకు ఈ సందేశం తగిలించిన తప్పుడు లెక్కలతోనే.

అగ్నిపర్వతం మాటనే ముందుగా తీసుకోవాలి, ఎందుకంటే చదువుకున్నవారు కూడా తల ఊపేది దానికే. మంగళగిరి, విజయవాడల చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల కుదురుకు చెందినవి. ఈ కుదురులో ప్రధానంగా కనిపించేవి ఖోండలైట్, చార్నొకైట్ అనే రాళ్ళు. ఖోండలైట్‌కు ఆ పేరు ఒడిశా కొండలలోని కోందు జాతివారిని బట్టి వచ్చింది. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న ఒండ్రు భూమి లోతుల్లోకి దిగబడి, అక్కడి వేడికీ ఒత్తిడికీ రూపు మార్చుకొని, మళ్ళీ పైకి తేలగా ఏర్పడిన రాయి అది. వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. లావా గడ్డకట్టిన రాయి ఎలా ఉంటుందో చూడాలనుకునేవారు రాజమహేంద్రవరం దాకా వెళితే చాలు. గోదావరికి ఇటు పంగిడి దగ్గరా, అటు కాతేరు దగ్గరా నల్లరాయి క్వారీలలో తవ్వి తీస్తున్నది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావాయే. అక్కడ నిజంగా నిప్పు పారింది కానీ, ఏ స్వామి పేరనా ఎవరూ అక్కడ బెల్లపు నీళ్ళు పోయడం లేదు. ఇక మన దేశంలో నేటికీ రగులుతున్న అగ్నిపర్వతం అండమాన్ దీవులలోని బారెన్ దీవి ఒక్కటే.

గంధకం మాట ఇంకా విచిత్రమైనది. రగిలే గంధకపు ఆవిరి ఉన్న చోటును ఎవరూ చెప్పనక్కరలేదు, ముక్కే చెబుతుంది. మంగళగిరి గర్భగుడి ముందు వచ్చేది బెల్లం, మిరియం, ఏలకి కలిసిన వాసన. పోనీ, కొండలో గంధకమే ఉన్నదనుకుందాం. బెల్లం దానిని ఏ విధంగా విరుస్తుంది? గంధకపు పొగ నీటిలో కలిస్తే ఆమ్లం అవుతుంది. ఆమ్లాన్ని విరిచేది సున్నం వంటి క్షారమే తప్ప తీపి కాదు. దీనికి రుజువు చక్కెర మిల్లులలోనే ఉంది: చెరకు రసాన్ని తేటపరచడానికి అక్కడ గంధకాన్ని మండించి ఆ పొగను రసంలోకి పంపుతారు, ఆ పులుపును విరచడానికి సున్నపు తేట కలుపుతారు. బెల్లానికే గంధకాన్ని విరిచే గుణం ఉంటే, ఆ కడివెడు తీపి రసంలో సున్నంతో పని ఏముంది? బెల్లం రంగు తేలడానికి వాడే హైడ్రోస్ కూడా గంధకపు సమ్మేళనమే. అది బెల్లంలో ఉండిపోతోందనే కదా ఆరోగ్యాధికారులు అంత గొడవపడేది. అంటే సందేశం రాసిన పెద్దమనిషి విరుగుడు అని చూపించిన పదార్థం, తాను విరవవలసిన పదార్థాన్నే కడుపులో పెట్టుకొని బజారుకు వస్తోందన్నమాట.

స్థలపురాణాన్ని ఆ పెద్దమనిషి ఒక్కసారి వినివుంటే మరొక చిక్కు కూడా తోచేది. స్వామి కృతయుగంలో అమృతాన్ని, త్రేతాయుగంలో నేతిని, ద్వాపరంలో పాలను స్వీకరించి, కలియుగంలో పానకంతో తృప్తి చెందుతున్నాడని క్షేత్రంలో చెబుతారు. బెల్లమే మందు అయితే నెయ్యి, పాలు దేనికి మందు? కథలో ఉన్నది స్వామి ఉగ్రం, ఆ ఉగ్రాన్ని చల్లార్చే నైవేద్యం. ఎండలు ముదిరే నవమికి ప్రతి ఇంటా చేసుకునే చలువ పానీయమే అక్కడ స్వామికీ ఇస్తున్నారని గ్రహించడానికి రసాయనశాస్త్రం అవసరం లేదు. కోపం అన్న చోట గంధకం అనీ, చల్లబరచడం అన్న చోట విరచడం అనీ మాటలు మార్చి, అటు పురాణాన్నీ ఇటు శాస్త్రాన్నీ ఒక్క దెబ్బతో పాడుచేశారు. కొండ ఆకారమే అగ్నిపర్వతానికి సాక్ష్యం అనే వాక్యం కూడా ఇటువంటిదే. స్థానికులకు ఆ కొండ పడుకున్న ఏనుగు. పారియాత్రుడనే రాజు కుమారుడు హ్రస్వశృంగి, వికలమైన దేహంతో క్షేత్రాలన్నీ తిరిగి ఇక్కడ తపస్సు చేసి, తండ్రి వెంట ఇంటికి పోవడానికి ఇష్టపడక, విష్ణువుకు నివాసంగా ఏనుగు రూపం దాల్చాడని కథ. విజయవాడ వైపు నుంచి వస్తూ చూస్తే ఆ పోలిక పిల్లలకు కూడా అందుతుంది.

సగం సంగతి. బిందె ఎంతదైనా సగం స్వామిది, సగం భక్తునిది అనేది క్షేత్రాచారం. దానిని కొలత అని చెప్పేసరికి చిక్కు వచ్చింది. స్వామి తెరచిన నోటిలో శంఖంతో పానకం పోసేది అర్చకుడు, గుటకల శబ్దం మారగానే నిలిపి మిగిలినది ప్రసాదంగా చేతికిచ్చేదీ ఆయనే. ఏ నైవేద్యంలోనైనా దేవుని వాటా, మన వాటా ఉన్నట్లే ఇక్కడా ఉంది. ఇందులో కొలపాత్రకు చోటు లేదు, ఉండాలని భక్తులు ఎవరూ అడగలేదు. సందేశమే "సరిగ్గా" అనే మాటను తెచ్చి పెట్టింది. శాస్త్రవేత్తలు ఓడిపోయారన్న వాక్యంలో ఆ శాస్త్రవేత్తల పేరు లేదు, వారు వచ్చిన సంవత్సరం లేదు, పనిచేసే సంస్థ లేదు. ఊరూ పేరూ లేనివారు ఓడిపోయారో లేదో తేల్చడం ఎవరి తరం? ఇంతకూ సందేశం మొదటి భాగం కారణం దొరికింది, గంధకం అంటుంది. రెండవ భాగం కారణం ఎవరికీ దొరకలేదు అంటుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటి అబద్ధమని దాని నోటితో అదే ఒప్పుకుంటోంది. (లోపల గొట్టం పెట్టారని ఇంకొక సందేశం, హేతువాదం పేరిట, ఇదే ఊపున తిరుగుతుంది. రుజువు చూపకుండా చెప్పే ఆ మాట ఈ మాటకు తోబుట్టువే.)

చీమల గురించి రెండు మాటలు చాలు. చీమలు ముందు వెళ్ళిన చీమ వదిలిన వాసన జాడను పట్టుకొని బారులు తీరుతాయి. తెల్లవారింది మొదలు పానకమూ నీళ్ళూ పారుతూ, కడుగుతూ, వందల పాదాలు తొక్కుతూ ఉండే రాతి నేల మీద ఆ జాడ నిలవదు.

హిరణ్యకశిపుని ప్రస్తావన చూసి మాత్రం నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే మంగళగిరికి తనదైన కథ ఉండగా దానిని చెరిపి అహోబిలం కథను అతికించారు. ఇక్కడి రాక్షసుడు నముచి. తడిసినదానితో గాని పొడిదానితో గాని చావు లేని వరం పొంది, ఇంద్రుణ్ణి బాధించి, చివరకు సూక్ష్మరూపంతో ఈ కొండ గుహలో దాక్కున్నాడు. అటు తడీ కాక ఇటు పొడీ కాని నురుగులో ముంచిన సుదర్శన చక్రాన్ని ఇంద్రుడు ప్రయోగించగా, అందులో నరసింహ రూపంతో నిలిచిన విష్ణువు తన నిట్టూర్పు మంటలతో నముచిని అంతం చేశాడు. ఆ ఉగ్రం శాంతించడానికి దేవతలు అమృతం సమర్పించారు, పానకానికి మూలం అదే. నీటి నురుగుతో ఇంద్రుడు నముచి తల తెగవేశాడన్న మాట ఋగ్వేదం ఎనిమిదవ మండలంలోనే ఉంది. అంత పాత కథ కృష్ణాతీరంలోని ఒక కొండకు వచ్చి పానకంతో ముడిపడిన తీరు ఏ అగ్నిపర్వతం కంటేనైనా ఆశ్చర్యకరమైనది. దానిని వదులుకొని అందరికీ తెలిసిన హిరణ్యకశిపుణ్ణి తెచ్చుకోవడం ఇంట్లో ఆవును పెట్టుకొని పొరుగింటికి చెంబు పట్టుకుపోవడమే.

గాలిగోపురం కృష్ణదేవరాయలది కాదు. కొండ కింది లక్ష్మీనృసింహ ఆలయానికి తూర్పున పదకొండు అంతస్తులతో, 153 అడుగుల ఎత్తున నిలిచిన ఆ గోపురాన్ని 1807-09 మధ్య కట్టించినది అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. రాయలకూ మంగళగిరికీ సంబంధం లేదని కాదు. 1515లో కొండవీడు ఆయన వశమైన తరువాతి కాలపు శాసనం ఇక్కడ ఉంది. ఆయన కట్టించిన గోపురం శ్రీకాళహస్తిలో ఉండేది, 2010 మే నెలలో కుప్పకూలింది. పెద్ద కట్టడం కనబడితే రాయల పేరు పెట్టడం మనకు అలవాటు. అందువల్ల వేంకటాద్రి నాయుడి వంటి చిక్కని మనిషి మరుగున పడుతున్నాడు. చెంచులను విందుకు పిలిచి నరికించాడనీ, ఆ పాపం వల్ల విస్తట్లో అన్నం పురుగులుగా కనబడిందనీ, ప్రాయశ్చిత్తంగా గుడులూ గోపురాలూ కట్టించాడనీ మన జిల్లాలో నేటికీ చెప్పుకుంటారు. నరుకుళ్ళపాడు అనే ఊరి పేరును ఆ సంఘటనకే ముడిపెడతారు. ఆయన మనుషులు ఇటుకల కోసం అమరావతిలోని దీపాలదిన్నెను తవ్వినప్పుడే అక్కడి బౌద్ధ స్తూపం బయటపడింది. ఈ మనిషిని తీసివేసి రాయలను నిలబెడితే గోపురం వయసు మూడు వందల ఏళ్ళు పెరుగుతుంది, మన జిల్లా చరిత్ర మాత్రం అంత మేరా తరుగుతుంది.

ఒరిగిన గోపురం నిలబడిన కథ దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే సందేశం మొత్తంలో కొట్టిపారవేయలేనిది ఇదే, సందేశం పూర్తిగా పాడుచేసినదీ ఇదే. మంగళగిరిలో చెప్పుకునే అసలు కథలో గోపురం తనంతట తాను నిలబడలేదు. కట్టడం పూర్తయ్యాక ఒక పక్కకు ఒరగగా, కాంచీపురం శిల్పులు వచ్చి చూసి, ఎదుటి దిక్కున కోనేరు తవ్వించమన్నారు. తవ్వాక గోపురం సరి అయింది. ఇది విన్న ఇంజనీరు నవ్వడు. ఇటలీలోని పీసా గోపురాన్ని 1999 నుంచి 2001 వరకు సరిచేసినప్పుడు చేసినది స్థూలంగా ఇదే: ఒరిగిన దిక్కుకు ఎదుటి దిక్కున పునాది కింది మట్టిని కొద్దికొద్దిగా తీశారు, గోపురం అటు సర్దుకొని, పైభాగం సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది. కోనేరు దూరం, మట్టి తీరు, గోపురం బరువు లెక్కకు రావలసి ఉన్నా, ఆ కథలో తలకెక్కే ఆలోచన ఉంది. దైవశక్తి అని ఒక్క మాటతో ఆ శిల్పుల బుద్ధిని తుడిచివేయడం భక్తి అనిపించుకోదు.

సొరంగం మాట పాతదే. ఋషులు ఆ దారిన వెళ్ళి కృష్ణలో స్నానం చేసి వచ్చేవారని మా నాయనమ్మ కూడా చెప్పేది. ఋషుల కథగా అది బాగానే ఉంది. దానిని నడిచి వెళ్ళగల దారి అని నమ్మేవారు మంగళగిరికీ ఉండవల్లికీ నడుమ ఏమున్నదో ఒకసారి చూడాలి. ఉన్నది కొండ కాదు, కృష్ణ ఒండ్రు పరచిన పల్లపు నేల. వానలు గట్టిగా పడితే కొండవీటి వాగు పొంగి పొలాలు ముంచెత్తే చోటు. ఉండవల్లిలో నాలుగు అంతస్తుల గుహను తొలిచిన చేతులకు రాయి దొరికింది కాబట్టి అది నిలిచింది. ఒండ్రులో కిలోమీటర్ల కొద్దీ తొలిచిన బొరియకు కట్టుబడి లేకపోతే మొదటి వానాకాలమే ఊటనీరు నింపి పూడ్చివేస్తుంది. దానిని మూయడానికి ఏ ప్రభుత్వమూ రానక్కరలేదు.

అర్ధరాత్రి సలహా వల్ల జరిగే నష్టం మాత్రం వెంటనే కనబడుతుంది. రాత్రివేళ దేవతలు స్వామిని అర్చిస్తారనే నమ్మకం ఉన్నది. ఆ నమ్మకం వల్లనే కొండ మీది ఆలయాన్ని మధ్యాహ్నం దాటాక మూసివేస్తారు, మనుషులు ఆ వేళకు దిగిపోవాలి. సందేశాన్ని నమ్మి విజయవాడ నుంచి సాయంత్రం బయలుదేరినవారు 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించిన మెట్ల మొదట్లోనే ఆగిపోయి, పట్టుకొచ్చిన బెల్లం సంచితో కింది ఆలయంలో లక్ష్మీనృసింహుని చూసుకొని వెళ్ళవలసి వస్తుంది. పానకం పోయించుకోదలచినవారు పొద్దున్నే రావాలి.